మద్దిలేటికి ఏం తక్కువ?

కర్నూలు, కడప పల్లెల్లో ఒకే తరంలో మారిపోయిన పిల్లల పేర్లు. వాటి వెనక మొక్కులు, ఆశలు, చిన్నచూపులు

మంత్రాలయం, ఉరుకుంద ఒకే నియోజకవర్గంలో ఉన్న రెండు క్షేత్రాలు. ఒకటి తుంగభద్ర ఒడ్డున 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన చోటు. రెండోది కౌతాళం మండలంలో నరసింహ ఈరన్నస్వామి వెలసిన ఊరు. శ్రావణమాసం వస్తే అక్కడ కాలు పెట్టడానికి సందుండదు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల వాళ్లు ఇద్దరు స్వాములకూ మొక్కుతారు. అన్న రాఘవేంద్ర, తమ్ముడు ఉరుకుందు అయిన ఇళ్లు ఎన్నో. ఆ రెండు పేర్లలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని వాళ్ల నాయనలకు తోచి ఉండదు. ఇప్పుడు రాఘవేంద్ర బెంగళూరులో కంపెనీ గుర్తింపు కార్డు మీద కనిపిస్తాడు. ఉరుకుందు అనే పసిబిడ్డ మాత్రం ఉరుకుంద చుట్టుపక్కల కూడా అరుదైపోయాడు.

స్వామి మహిమ మీద ఎవరికీ నమ్మకం తగ్గలేదు. పుట్టువెంట్రుకలు ఇప్పటికీ అక్కడే తీయిస్తున్నారు. తీయించిన గుండుకు పసుపు రాసి, ఆ బిడ్డను రిత్విక్ అనో తన్విక్ అనో పిలుస్తున్నారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "దేవుడంటే భక్తే సామీ. ఆ పేరు పెడితే రేపు బళ్లో పిల్లోన్ని నవ్వుతారు."

నవ్వేది ఎవరు? ఎందుకు నవ్వుతారు? అసలు తేల్చుకోవలసింది ఇదేనని నాకనిపిస్తుంది. పిల్లకు కొత్త పేరు ముచ్చటపడి పెట్టుకున్న తల్లిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పాత పేరును చూసి నవ్వేలా చేసింది ఎవరో మాత్రం గట్టిగా అడగాల్సిందే.

ఈ రెండు పాత జిల్లాల్లో ఏ ఊరి ప్రాథమిక పాఠశాలకైనా వెళ్లి, హెడ్మాస్టరును బతిమాలి, పాత అడ్మిషన్ రిజిస్టరు తెరిపించి చూడండి. అట్టలు ఊడి, గుడ్డ అతికించి ఉంటుంది. పుట్టినతేదీ గడిలో సగం మందికి జూన్, జులై ఒకటో తారీఖే. అయ్యవారు అంచనాగా వేసిందే తేదీ. పక్క గడిలో పుట్టుమచ్చలు. పేర్ల వరస చదువుతూ పోతే రాయలసీమ దేవుళ్లంతా వరసగా కూర్చున్నట్టుంటారు. ఓబులేసు, ఓబులమ్మ అంటే అహోబిలం. మద్దిలేటి అంటే బేతంచెర్ల దగ్గర మద్దిలేటి నరసింహస్వామి. యాగంటయ్య అంటే బనగానపల్లె పక్క కొండల్లో యాగంటి. చౌడప్ప, చౌడమ్మ అంటే నందవరం చౌడేశ్వరి. పెంచలయ్య అంటే రాజంపేట వైపు నుంచి కొండ దాటి వెళ్లే పెంచలకోన. వీరబ్రహ్మం, గోవిందమ్మ అంటే కందిమల్లాయపల్లె మఠం. సుంకన్న, సుంకులమ్మ అంటే ఊరి పొలిమేరలో ఉన్న తల్లి. పేరు చూసి ఆ బిడ్డది ఏ ఏటి గట్టో, ఏ కొండ మొగమో చెప్పేవాళ్లు ఉండేవాళ్లు. కనుమ నుంచి అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి ఊరూరా తిరుగుతాడు కదా, ఆ పల్లకి దిగే పల్లెల్లో ఇంటికొక ఓబులేసు, వీధికొక చెంచన్న, చెంచులక్ష్మి. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి తమ ఊరి అల్లుడని వాళ్ల లెక్క. అల్లుడి పేరు బిడ్డకు పెట్టుకోవడం చనువు.

అదే రిజిస్టరులో దస్తగిరి, మస్తానయ్య, హుసేనమ్మ, మౌలాలి కనిపిస్తారు. తండ్రి పేరు గడి చూస్తే వెంకటరాముడో, నాగన్నో ఉంటుంది. సంతానం లేక దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లవి. పీర్ల పండుగకు గుండం తొక్కి, పీరు ముందు కొబ్బరికాయ కొట్టి, పుట్టిన బిడ్డకు హుసేనయ్య అని పెట్టుకోవడానికి ఇక్కడ ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. దేవుని కడప వెంకటేశ్వరుడు బీబీ నాంచారి మొగుడని, తమ ఇంటి అల్లుడని ఉగాది నాడు ముస్లింలు గుడికి వచ్చే జిల్లా ఇది. దూదేకుల ఇళ్లల్లో ఒకే తల్లి కడుపున సిద్ధయ్య, కాశీం, నాగూరమ్మ పుట్టారు. వీరబ్రహ్మంగారి శిష్యుడు దూదేకుల సిద్ధయ్య పేరు హిందువులూ పెట్టుకున్నారు, దూదేకులవాళ్లూ పెట్టుకున్నారు. ఈ పేర్లు ఇప్పుడు రెండు పక్కలా తగ్గిపోతున్నాయి. దస్తగిరి అనే హిందూ యువకుడు ఫారం నింపేటప్పుడల్లా తన మతం గురించి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. ఆ కష్టం తన కొడుక్కి వద్దనుకుంటున్నాడు. ముస్లిం ఇళ్లల్లో మాబున్ని, షేకున్ని, ఫకీరమ్మ పోయి ఆయేషా, అయాన్, జునైరా వచ్చారు. జమ్మలమడుగు, ముత్యాలపాడు వంటి పాత మిషన్ ఊళ్లల్లో దేవదానం మనవడు ప్రిన్స్, ఏసురత్నమ్మ మనవరాలు బ్లెస్సీ. అందరి ఇళ్లల్లోనూ ఒకే పని జరిగింది. నేల వాసన వేసే పేరు తీసేసి, ఎక్కడి నుంచైనా రాగలిగే పేరు పెట్టుకున్నారు.

సంస్కృతం పేరు మోజు నిన్నమొన్నటిది కాదని ఒప్పుకోవాలి. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో దొరికిన శాసనం తెలుగులో తొలి శాసనాల్లో ఒకటి, క్రీ.శ. 575 నాటిదని చెబుతారు. రేనాటి చోళరాజుది. అందులో రాజు పేరు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. ముందు ఇక్కడి పిలుపు, వెనక భారతం నుంచి తెచ్చిన పేరు. పద్నాలుగు వందల ఏళ్ల కిందటే కడప నేల మీద ఈ రెండూ ఒకే పేరులో కలిసి ఉన్నాయి. ఒకటి పెట్టడానికి రెండోది తీసేయాలని ఎవరికీ అనిపించలేదు. నేటి ఇళ్లల్లో జరగనిది అదే.

కవుల సంగతి ఇంకా బాగుంటుంది. కమలాపురం దగ్గర కోకటం అగ్రహారంగా పొందిన అల్లసాని కవి పేరు పెద్దన. ఆయన రాసిన మనుచరిత్రలో నాయిక వరూధిని. నంద్యాల కృష్ణరాజుకు కావ్యం అంకితమిచ్చిన పింగళి కవి పేరు సూరన. ఆయన కళాపూర్ణోదయంలో పాత్రల పేర్లు కలభాషిణి, మధురలాలస, అభినవకౌముది, మణికంధరుడు. ఈ రోజు కర్నూలు కార్పొరేట్ స్కూల్ హాజరుపట్టీలో పెట్టినా ఇమిడిపోతాయి. అంత నాజూకు పేర్లు కల్పించగలిగిన మనిషి తాను సూరనగానే ఉండిపోయాడు. తాళ్లపాకలో అన్నమయ్య భార్య, తెలుగులో తొలి కవయిత్రి అని చాలామంది చెప్పే ఆమె పేరు తిమ్మక్క. బద్వేలు దగ్గర గోపవరంలో పుట్టి రామాయణం రాసిన ఆమె పేరు ఒక పూవు, మొల్ల. తిమ్మక్క అనే పేరు మోటుదని ఇప్పుడెవరైనా అంటే, ఆ మోటుతనం ఏ కాలంలో పుట్టిందో వెతుక్కోవాలి.

నా మట్టుకు నేను వెతికితే అది పేరులో దొరకలేదు, పేరు తోకలో దొరికింది. ఓబులేసు అనే దేవుడి పేరు ఒకటే. భూమి ఉన్నవాడి నోట, భూమి ఉన్నవాడి కోసం అది ఓబులరెడ్డి, ఓబులయ్య. అదే పేరున్న జీతగానికి ఓబిగాడు. పెద్దింటి ఆడపడుచు సుంకులమ్మ, కూలికి వచ్చే ఆమె సుంకి. ఎల్లమ్మ, ఎల్లి. పుల్లన్న, పుల్లిగాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరులోని అయ్యను, అన్నను, అమ్మను ఊరు కోసేసింది. డెబ్బై ఏళ్ల మనిషిని పదేళ్ల పిల్లవాడు 'ఒరే సుంకా' అని పిలవడం ఈ జిల్లాల్లో చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఆ పిలుపు విని పెరిగిన కొడుకు తన బిడ్డకు ఏ పేరు పెట్టాలి? చివర 'గాడు' అతికించడానికి వీలులేని పేరు వెతికాడు. హర్షవర్ధన్ అనే పేరును కురచ చేసి తిట్టులా పిలవడం కష్టం. అతనికి అది గెలుపు. కర్నూలు పక్క పెదపాడులో పేదింట పుట్టి 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు చివర అయ్య ఉంది. ఆ అయ్యను రాష్ట్రమంతా పూర్తిగా పలకాల్సి వచ్చింది. ఆ మాత్రం గౌరవం ప్రతి సుంకన్నకూ దక్కి ఉంటే సుంకన్న అనే పేరు ఇంత తొందరగా పోయేది కాదు.

అందుకే, కూలింటి పిల్లకు శ్రీనిధి, శరణ్య అని పేరు పెడితే 'వీళ్లకెందుకమ్మా ఇంత పేర్లు' అని మూతి విరిచేవాళ్లంటే నాకు కోపం. ఆ మూతివిరుపు ఇప్పటికీ ఉంది. ఆస్పత్రిలో చీటీ రాసేచోట, బడిలో, రేషన్ క్యూలో వింటుంటాం. మొదట ఆ పేరు పట్టణం పిల్లలకు ఉన్నప్పుడు ముద్దుగా ఉంది. అదే కోసిగి నుంచి గుంటూరు మిరపకోతలకు వలసపోయే ఇంటి పిల్లకు రాగానే 'అందరికీ అదే పేరు, చౌకైపోయింది' అన్నారు. అని, తాము ఇంకో పేరు వెతుక్కున్నారు. పేర్లు ఇలా పైనుంచి కిందికి దిగడం, దిగగానే పైవాళ్లు వదిలేయడం అమెరికాలోనూ ఉందని అక్కడి పరిశోధకులు లెక్కలు వేసి రాశారు. జర్మనీలో 1990ల మొదట్లో కెవిన్ అనే పేరు విపరీతంగా పెట్టుకున్నారు. తర్వాత అది చదువురాని ఇళ్ల పేరని ముద్ర పడింది. పేరు చూసే టీచర్లు పిల్లవాడి మీద ఒక అంచనాకు వస్తున్నారని 2009లో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం సర్వే బయటపెట్టింది. మన దగ్గరి సంగతి ఇంకా కటువు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో అచ్చువేసిన అధ్యయనంలో ఒకే చదువు ఉన్న దరఖాస్తులను వేరువేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. అగ్రకులం పేరుకు వచ్చినన్ని పిలుపులు దళితుల పేరుకు రాలేదు, ముస్లిం పేరుకు ఇంకా తక్కువ వచ్చాయి. పేరు వల్ల బిడ్డకు నష్టం జరుగుతుందని భయపడే తల్లి భయం ఉత్తది కాదు.

ఇక మొక్కు పేర్లలో ఇంకో రకం ఉంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టు పోతుంటే, నిలిచిన బిడ్డను దిబ్బ మీద కాసేపు పెట్టి తీసుకొచ్చేవాళ్లు. ఎంగిలి విస్తరాకుల్లో పొర్లించేవాళ్లు. చేటలో వేసి పక్కింటామెకు పిడికెడు తవుడుకు అమ్మి, మళ్లీ కొనుక్కునేవాళ్లు. పనికిరాని బిడ్డ అని చావు కన్ను పక్కకు తిప్పుకుంటుందని ఆశ. అలా వచ్చిన పేర్లు పెంటయ్య, కుప్పమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ, పిచ్చయ్య. కలరా, మశూచి, కరువు మార్చి మార్చి కొట్టిన నేలలో ఈ పేర్లు ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయో చూస్తే ఎందరు తల్లులు ఎంతమంది బిడ్డలను పోగొట్టుకున్నారో తెలుస్తుంది. వాటిని చూసి నవ్వడం నాకు చేతకాదు. బిడ్డ బతకాలని తల్లి తన ముచ్చట చంపుకుని పెట్టిన పేరు అది. టీకాలు వచ్చాయి, ఆస్పత్రి కాన్పులు వచ్చాయి, ఆ పేర్ల అవసరం తీరింది. అవి పోవడం మంచికే. కానీ కుప్పమ్మ అనే ముసలామెను ఆఫీసులో గట్టిగా పిలిచి నవ్వుకునే గుమాస్తాకు ఈ కథ తెలిసి ఉండాలి.

పుల్ల చేరిన పేరుకు మోటుతనం పుట్టుకతో వచ్చిందని నమ్మేవాళ్లు ఒక్కసారి కర్నూలు మిఠాయి అంగడి వైపు చూడాలి. గోకవరంలో పుట్టిన జి.పుల్లారెడ్డి 1948లో కర్నూలులో నేతిమిఠాయిల వ్యాపారం మొదలుపెట్టారు. పెళ్లికైనా పండక్కైనా పుల్లారెడ్డి డబ్బా ఇస్తే అది గొప్ప. ఆ పేరు హైదరాబాదు నడిబొడ్డున వెలుగుతుంటే ఎవరికీ మోటుగా తోచలేదు. ఎమ్మిగనూరు చేనేతను దేశానికి పరిచయం చేసిన మాచాని సోమప్ప పేరు చివరి అప్ప ఎవరికీ అడ్డు రాలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. తెలివితక్కువవాణ్ని వెంగళప్ప అంటాం. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరులో ఉన్నది ఆ వెంగళే. 1866 కరువులో ఉన్నదంతా ఊడ్చిపెట్టి వేలమందికి గంజి పోసి నిలబెట్టినవాడు. విక్టోరియా రాణి పంపిన బంగారు పతకం అందుకున్నవాడు. ఆయన మీద పాట ఇప్పటికీ సీమలో పాడతారు. అంతటి దాత పేరు మన నోట తిట్టు ఎలా అయిందో నాకు అంతుపట్టదు.

వెంగళప్ప సరే, ఓబుల్‌రెడ్డిని పాడుచేసింది ఎవరో అందరికీ తెలుసు. సినిమా. 1999లో సమరసింహారెడ్డి ఆడినప్పటి నుంచి సీమ అంటే సుమో, కత్తి, తొడగొట్టడం అయ్యాయి. 2003లో ఒక్కడు వచ్చింది. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర హీరో చేతిలో దెబ్బతిన్న ప్రతినాయకుడు ఓబుల్ రెడ్డి. 2018లో అరవింద సమేత వీర రాఘవలో ప్రతినాయకుడు బసిరెడ్డి. నటులు గొప్పగా చేశారు, సినిమాలు ఆడాయి. కానీ లోకమంతటికీ క్రూరుడి పేరంటే సీమ పేరే అయింది. హైదరాబాదులో హాస్టల్లో చేరిన ఆళ్లగడ్డ కుర్రవాడు తన పేరు చెప్పగానే 'బాంబులు తెచ్చావా' అని అడిగించుకున్నాక, తన బిడ్డకు తండ్రి పేరు పెట్టడానికి ఎంత గుండె ఉండాలి? పాతికేళ్లుగా ఈ సినిమాలు తీసినవాళ్లు, చూసి ఈలలేసిన మనం, కలిసి పూర్తిచేసిన పని ఇది.

బడి కూడా తక్కువ తినలేదు. చేర్చుకునే రోజునే అయ్యవార్లు పేర్లు సరిదిద్దారు. ఈరన్న వీరేష్ అయ్యాడు, ఓబులేసు ఓబులేష్ అయ్యాడు, నాగన్న నాగేష్, మల్లన్న మల్లేష్. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. పిల్లవాడు పై చదువులకు పోతాడు, పేరు నాగరికంగా ఉండాలనుకున్నారు. కానీ ఆ చివరి ష్ చెప్పిన పాఠం పిల్లవాడికి జీవితాంతం గుర్తుండిపోయింది: నాయన పెట్టింది తప్పు, సార్ రాసింది ఒప్పు.

తక్కువ చేసే పేరును వదులుకోవడం తప్పేమీ కాదని చెప్పడానికి మన నేలే సాక్ష్యం. నిజాం ఇంగ్లిషువాళ్లకు ధారాదత్తం చేసిన జిల్లాలు కాబట్టి మనం శతాబ్దానికి పైగా దత్తమండలాలవాళ్లం. ఎవరో ఎవరికో ఇచ్చేసినవాళ్లం. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించారు. ఆ పేరు నిలిచింది. అవమానం మోసే పేరును దించి, ఈ నేలనేలిన రాయలను తలచుకునే పేరు పెట్టుకున్నారు. వేరే ఊరి పేరు అరువు తెచ్చుకోలేదు.

అరువు తెచ్చుకున్న పేరును మనదిగా చేసుకునే శక్తి కూడా ఒకప్పుడు ఇక్కడి జనానికి ఉండేది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా డేరా వేసుకుని శిస్తులు నిర్ణయించాడు, రైతుల మాట విన్నాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పాత జిల్లాలు చివరిసారి చూసుకుందామని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గండి క్షేత్రంలో ఆయన కంటికి బంగారు తోరణం కనిపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజుల్లో సీమ తల్లులు తమ కొడుకులకు ఆయన పేరు పెట్టుకున్నారు. మన్రో అని పెట్టలేదు. మన్రోలప్ప అని పెట్టారు. దొర పేరుకు సైతం అప్ప తగిలించి, తమ పెరట్లో తిరిగే పిల్లవాడిని చేసుకున్నారు. ఆ ధీమా నాకు చాలా ఇష్టం.

ఇప్పుడు పేరు ఎక్కడి నుంచి వస్తోంది? ఫోన్లోంచి. బిడ్డ పుట్టిన గడియ చెబితే నక్షత్రం, పాదం, అక్షరం వచ్చేస్తాయి. పూర్వం జన్మనామం జాతకంలో ఉండేది, పిలుచుకునే పేరు తాతదో దేవుడిదో అయ్యేది. కోడలు మామగారి పేరు నోట పలకకూడదు కాబట్టి, తాత పేరు పెట్టుకున్న మనవడు ఇంట్లో పెద్దోడు, అబ్బోడు అయ్యేవాడు. ఈ రెండు పేర్ల ఏర్పాటు పోయి, జాతకంలోని అక్షరంతోనే సర్టిఫికెట్ పేరు మొదలవ్వాలనే పట్టుదల వచ్చింది. హస్త మూడో పాదానికి ణ, నాలుగో పాదానికి ఠ. ఆరుద్ర మూడో పాదానికి ఙ. ఆ అక్షరాలతో తెలుగులో పేరు ఎక్కడుంది? దాంతో అర్థం లేకపోయినా పలికేందుకు బాగున్న శబ్దాలు పుట్టుకొస్తున్నాయి. అవి చాలక సంఖ్యాశాస్త్రం వచ్చి, ఇంగ్లిషు స్పెల్లింగులో ఇంకో ఏ, ఇంకో హెచ్ చేర్చమంటుంది. ఆ స్పెల్లింగు ఆధార్‌లో ఒకలా, బడిలో ఒకలా పడి, పదో తరగతి మార్కుల జాబితా వచ్చేనాటికి అఫిడవిట్లతో, గెజిట్ ప్రకటనలతో తిరగాల్సి వస్తోంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఓటుకు, లైసెన్సుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టినతేదీ ఆధారం జనన ధ్రువపత్రమే. అలాగని తొందరపడి ఏదో ఒకటి రాయించనక్కర్లేదు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేసి, పేరు మాత్రం ఏడాదిలోపు ఎప్పుడైనా రుసుము లేకుండా రాయించుకోవచ్చు. ఆ ఏడాదిలో ఒక గంట అవ్వ దగ్గర, అబ్బ దగ్గర కూర్చుని, మన ఇంట్లో ఎవరెవరి పేర్లున్నాయి, ఏ మొక్కుకు ఏ పేరు వచ్చింది అని అడిగితే ఏ యాప్‌లోనూ లేని జాబితా దొరుకుతుంది.

అలా అడిగిన ఇల్లొకటి చూశాను. పాత కడప జిల్లాలో, లక్కిరెడ్డిపల్లె దగ్గర ఒక పల్లె. తండ్రి కువైట్‌లో డ్రైవరు. పాపకు మూడో నెల. నట్టింట దూలానికి జేజి పాత చీరతో ఉయ్యాల కట్టారు. చాప మీద పళ్లెంలో బియ్యం పరిచి, రాయడానికి బంగారు ఉంగరం పెట్టారు. మేనత్త ఉంగరం పట్టుకుని కూర్చుంది; ఏం రాయాలో మాత్రం ఎవరూ తేల్చలేదు. వీడియో కాల్‌లో ఉన్న తండ్రికి ఆద్య అనే పేరు మీద మనసు. జేజికి ఆ దగ్గరి అనంతపురం ఊరి గంగమ్మ మొక్కు ఉంది. కోడలికి నాలుగేళ్లు కడుపు పండకపోతే జాతరకు నడిచిపోయి ముడుపు కట్టింది ఆమే.

"గంగమ్మ అని పెడితే ఈ కాలంలో బాగుండదు మా" అన్నాడు కొడుకు.

"ఆయమ్మ ఇచ్చిన బిడ్డ నాయనా. ఇచ్చినప్పుడు బాగుండె, పిల్చేటప్పుడు బాగలేదా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పంచాంగం చూసిన పంతులు చీటీ తీశారు. ఆరుద్ర, మూడో పాదం. ఙ. ఆద్య ఎలాగూ కుదరదన్నారు. కొడుకు ఫోన్లో పేర్లు వెతకడం మొదలుపెట్టాడు. అంతవరకు నోరు తెరవని పాప తల్లి మెల్లగా అడిగింది.

"గంగ అని పెడితే? అమ్మ లేకుండా, ఉత్త గంగ."

పంతులు ఒక్క క్షణం ఆలోచించి నవ్వారు. "ఙ ఆ పేరులోనే ఉందమ్మా. మధ్యలో ముక్కుతో పలికేది అదే."

"గంగ" అని కువైట్ నుంచి కొడుకు ఒకసారి పలికి చూసుకున్నాడు. "నోటికి బాగుంది. మా, నీకు సరేనా?"

"అమ్మ అని నేను కలుపుకుంటా లేరా" అంది జేజి. మేనత్త బియ్యంలో రెండక్షరాలూ రాసి, పాప చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలిచింది.

మర్నాడు సచివాలయానికి పేరు రాయించడానికి తల్లే పోయింది. స్పెల్లింగులో ఏ ఒకటా రెండా అని అక్కడివాళ్లు అడిగితే, ఎలా పలుకుతామో అలాగే రాయమంది. రాయించి, ఆ కాగితం ఫోటో తీసి కువైట్‌కు పంపింది.